కట్ చేస్తే విన్నట్టే

మా అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ హీర్యా. ఆ పని చేసేది మాత్రం వాళ్లావిడ దస్లి. ఇది మా ఒక్క అపార్ట్‌మెంటు సంగతే కాదు, అమీర్‌పేటలో ఏ సందులోకి వెళ్లినా ఇంతే. జీతం మొగుడి పేరు మీద, చీపురు పెళ్లాం చేతిలో. హీర్యా తెల్లారగానే పంజగుట్టలో టైల్స్ కొట్టుకు లోడింగ్ పనికి వెళ్లిపోతాడు. మోటారు వేయడం, మెట్లు కడగడం, చెత్త దించడం, కొరియర్ కుర్రాళ్లతో గొడవ పడటం అన్నీ దస్లి నెత్తినే.

వాళ్లు లంబాడీలు. దేవరకొండ అవతల తండా. నాది తణుకు. మైత్రీవనం పక్కన నాకో జిరాక్స్ షాపు ఉంది. కోచింగ్ సెంటర్ల వాళ్ల జావా నోట్సులూ పైథాన్ నోట్సులూ ప్రింటు కొట్టి ఇస్తుంటాను. అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాదు, కావలసిన అవసరమూ లేదు. నాకు నోరెక్కువని అపార్ట్‌మెంటులో పేరుంది. ఉంటే ఉండనీ. దస్లి గురించి చెప్పాలంటే కాస్త నోరున్న మనిషే చెప్పాలి, ఎందుకంటే ఆమెకు అది అసలు లేదు.

మా అసోసియేషన్ ప్రెసిడెంటు రాఘవయ్య గారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. మనిషి చెడ్డవాడు కాదు గానీ ఫోన్ బిల్లంటే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది. కాల్స్ అన్నీ ఫ్రీ అయిపోయాయి మహానుభావా అని చెప్పినా వినరు. దస్లి కొత్తగా వచ్చినప్పుడు ఆమె బటన్ ఫోన్ చేతిలోకి తీసుకుని ఆయనే పాఠం చెప్పారు.

“చూడమ్మా దస్లీ, ఒక రింగు ఇస్తే మోటారు వెయ్యి. ఆగకుండా మోగితే పైకి రా. ఎత్తకు. ఎత్తావంటే నాకు బిల్లు. విన్నావని నాకు తెలియాలిగా, అందుకని కట్ చెయ్యి. కట్ చేస్తే విన్నట్టే.”

అంతే, అది మా అపార్ట్‌మెంటుకు రాజ్యాంగమైపోయింది. ఏ ఫ్లాటు వాళ్లైనా రింగు ఇస్తారు, దస్లి కట్ చేస్తుంది, పని అయిపోతుంది. హీర్యా కూడా అలాగే నేర్చుకున్నాడు. ఊరి నుంచి బస్సెక్కితే ఒక రింగు, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే ఇంకో రింగు. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు. మాటలు ఎదురెదురుగా ఉన్నప్పుడే, ఫోన్ ఉన్నది మోగడానికే అన్నట్టు ఉండేవారు.

వాళ్లకు ఒక్కతే కూతురు సింధు. నల్లగొండ వైపు ఒక గిరిజన గురుకులంలో చదివేది, సెలవులకు వచ్చినప్పుడు మాత్రం మా మెట్ల మీద కనిపించేది. తల్లికి లేని నోరంతా దీనికి వచ్చింది. హాస్టల్లో ఆదివారం కోడికూర సంగతి, పై మంచం కోసం తను చేసిన యుద్ధం, తమ మంజూష మేడం కట్టుకునే చీరల రంగులు, అన్నీ వరసపెట్టి చెప్పేది. లెక్కలు దానికి పడవు. చదవడమంటే మాత్రం పిచ్చి. పేపరు దొరికితే మెట్ల మీద కూర్చుని సినిమా ప్రకటనలతో సహా పైకి చదివేది. ఈ గోలేంటని రాఘవయ్య గారు పై నుంచి కేకేసేవారు. దస్లి తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

“చదవనీ అమ్మా. సగం నాకు సమజ్ కాదు గానీ ఇనబుద్ధైతది” అనేది నాతో.

ఒకసారి నేనే అడిగాను, ఒక్కగానొక్క పిల్లను అంత దూరం హాస్టల్లో ఎందుకు పడేశావని. దస్లి తన గది వైపు చూపించింది. సెల్లార్లో కరెంటు మీటర్ల పక్కన ఒక మంచం పట్టే చోటు అది. “ఆడ మంచమున్నది, లైటున్నది, కడుపు నిండ బువ్వ ఉన్నది. చదివి సారు గావాలె అది” అంది. ఆడపిల్ల సారు ఎలా అవుతుందే అని నవ్వాను. “గదే, మేడం” అని తనూ నవ్వింది. దస్లికి లోకంలో ఇంకే కోరికా ఉన్నట్టు నేను చూడలేదు. ఆ పిల్ల ఆ బడిలో ఉండాలి, అంతే.

కరోనా వచ్చి బళ్లన్నీ మూసేసినప్పుడు సింధు ఆరో తరగతి. రేకు పెట్టెతో సహా ఇంటికి పంపేశారు. వస్తూ వస్తూ మంజూష మేడం ఫోన్ నంబరు నోటికి నేర్చుకుని వచ్చింది. ఫోన్‌లో పాఠాలుంటాయి, ఫోన్ చేస్తూ ఉండండర్రా అని మేడం గేటు దగ్గర అందరికీ చెప్పిందట. బడి వాళ్ల దగ్గరున్నది హీర్యా నంబరు. ఆ వేసవిలోనే హీర్యా ఫోను మా సంపులో పడింది. ఫోనూ పోయింది, సిమ్మూ పోయింది. పనే లేనప్పుడు రెండు ఫోన్లెందుకని అతను మళ్లీ తీసుకోలేదు. ఇంట్లో మిగిలింది దస్లి బటన్ ఫోన్ ఒక్కటే.

ఆ ఏడు వానాకాలం చివర్లో టీవీలో పాఠాలు మొదలయ్యాయి. సెల్లార్ గదిలో టీవీ ఎక్కడిది? మా ఇంటికి వచ్చి చూడమన్నాను. రాఘవయ్య గారు ఒప్పుకోలేదు. వాచ్‌మన్ వాళ్లు ఫ్లాట్లలోకి రాకూడదని కమిటీ తీర్మానమట.

“మెట్లు తుడవడానికి రావచ్చా, పాఠం వినడానికి రాకూడదా? ఆ వైరస్ ఏమన్నా పుస్తకాలు చూసి అంటుకుంటుందా?” అని అడిగాను.

“మీతో వాదించలేనమ్మా వసుమతీ” అన్నారు.

“అయితే వాదించకండి.”

నా టీవీని గుమ్మం వైపు తిప్పేశాను. సింధు కారిడార్‌లో పీట వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని చూసేది. ఏడో తరగతి పాఠాలు రోజుకు ఒకటో రెండో వచ్చేవి. టీవీలో సారు తన పాటికి తను చెప్పుకుంటూ పోయేవాడు. ఆయన ప్రశ్న అడిగితే సింధు గట్టిగా జవాబు చెప్పేది. ఆయన వినేవాడు కాదు. కొన్నాళ్లకు జవాబులు చెప్పడం మానేసింది.

ఇక హాజరు. తండా నుంచి ఎవరో వచ్చి, రోజూ పొద్దున తొమ్మిదింటికి మేడం ఫోన్‌లో హాజరు వేస్తుందని చెప్పారు. అది వాట్సాప్ గ్రూపు సంగతి. దస్లికి ఆ మాటెవరూ చెప్పలేదు, చెప్పినా ఆమె ఫోన్‌లో అదెక్కడుంటుంది? ఫోన్‌లో హాజరు అనగానే దస్లికి తెలిసిన పద్ధతి ఒక్కటే. పొద్దున్నే సింధుకు తల దువ్వి, మొహం కడిగించి, పక్కన నిలబెట్టుకుని మేడం నంబరుకు రింగు ఇచ్చేది. అవతల మేడం గ్రూపులో పిల్లలతో తంటాలు పడుతూ ఉండేది కాబోలు, కట్ చేసేది. కట్ చేస్తే విన్నట్టే. సింధు హాజరు పడిపోయినట్టే.

ఈ వివరమంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో హాజరు పడుతోందమ్మా అని దస్లి చెబితే, ఫోన్ చేసి మాట్లాడుతోందనే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

మొదట్లో మేడం ఒకటి రెండుసార్లు తిరిగి చేసిందట. ఎవరీ నంబరు, రోజూ ఏంటిది అని కనుక్కోవడానికి. దస్లి ఏం చేసిందో తెలుసా? కట్ చేసింది. పాపం మేడం బిల్లు ఎందుకు పెరగాలి? నేనూ విన్నాను తల్లీ అని చెప్పడమే అది. సింధుకు కొంచెం అనుమానం వచ్చింది. “యాడీ, మేడం ఒక్కసారి గూడ మాట్లాడుతలేదెందుకు?” అని అడిగింది. యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. “అంత మంది పిల్లగాండ్లతోని ఒక్కొక్కరితోని మాట్లాడుతదా? కట్ చేస్తున్నది గద” అని దస్లి సర్దిచెప్పింది.

ఒకరోజు నుంచి రింగు సగంలోనే ఆగి టీం టీం అని రావడం మొదలైంది. దస్లి మురిసిపోయింది. “ఇప్పుడు మేడం మన నంబరు గుర్తువట్టింది. సగం రింగుకే కట్ చేస్తున్నది” అని నాతో కూడా అంది. నేను ఏదో బిల్లు రాసుకుంటూ మంచిదే అన్నాను.

స్మార్ట్ ఫోన్ లేకపోవడమేంటి, అంతమంది ఉన్నారు కదా మీరంతా అని మీరు అడుగుతారు. నా పాత ఫోన్ ఒకటి ఉంది, తెర పగిలింది. బాగుచేసి సింధుకు ఇమ్మని సందు మొదట్లో సెల్ రిపేరు నజీరుద్దీన్ భాయ్‌కి ఇచ్చాను. వెళ్లినప్పుడల్లా ఆయనది ఒకటే మాట.

“డిస్‌ప్లే లేదమ్మా. చైనా నుంచి మాల్ వస్తలేదు. మస్తు ఫోన్లు గిట్లనే పడి ఉన్నయ్, అన్నీ పిల్లల చదువులవే. జర సబర్ చేయండి.”

దస్లి కూడా తొందర పడలేదు. “ఎందుకమ్మా గంత ఫికర్? టీవీల పాఠం అయితున్నది, ఫోన్ల హాజరు పడుతున్నది” అనేది. అదే నాకిప్పటికీ మండుతుంది. ఆ హాజరు పడటం లేదని తెలిసి ఉంటే ఎవరి గొంతు మీద కూర్చునైనా ఫోన్ తెప్పించి ఉండేదాన్ని.

ఇంటర్నెట్ లేక కాదు సుమండీ. మా అపార్ట్‌మెంటు మొత్తానికీ నెట్ వచ్చే పెట్టె దస్లి గది గోడకే ఉంది. రాఘవయ్య గారి మనవరాలు హైందవిది పెద్ద స్కూలు, దాని క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే. నెట్ ఆగిందంటే పై నుంచి దస్లికి రింగు. దస్లి కట్ చేసి, పెట్టె స్విచ్ ఆర్పి వెలిగించేది. హైందవి హాజరు పోకూడదని ఒకోసారి అన్నం ముందు నుంచి కూడా లేచి పరిగెత్తేది. సింధు ఆ పెట్టె కిందే పడుకునేది.

మరుసటి ఏడు వేసవిలో కరోనా మా సందును మళ్లీ ఊడ్చింది. హీర్యాకు వచ్చింది. బతికాడు గానీ టైల్స్ డబ్బా ఎత్తితే ఆయాసం. పని పోయింది. సింధు తల్లి వెంట ఫ్లాట్లకు వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ముందు ఒక ఇల్లు, తర్వాత ఇంకొకటి. గిన్నెల దగ్గరికొచ్చేసరికి ఆ కమిటీ తీర్మానం ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలందరినీ పై క్లాసుకు పంపేశారని టీవీలో చెబితే, మా పిల్ల ఎనిమిదికొచ్చింది అని దస్లి అందరికీ చక్కెర పంచింది. పాఠాల టైముకు సింధు ఏదో ఒక ఇంట్లో ఉండేది. తిప్పిన నా టీవీ అలాగే ఉండేది గానీ పీట ఖాళీ. నేను కేకలేస్తే, “చూస్తా ఆంటీ, మళ్ల ఏస్తరు గద” అనేది. పేపరు చదవడం కూడా తగ్గింది. ఇంటి పనితో అలసిపోతోంది అనుకున్నాను.

దసరా వెళ్లాక గురుకులాలు తెరుస్తున్నారని వార్తల్లో వచ్చింది. నేను చెప్పాను. దస్లి రేకు పెట్టె దించి తుడిచి, పావడా చొక్కాల కుట్లు విప్పి పొడుగు చేయించింది. కానీ కదల్లేదు.

“ఏంటి దస్లీ, వెళ్లరేం?”

“మేడం పిలుస్తది అమ్మా. మన నంబరు ఆమెకు ఎరుకే గద. పిలవకముందే పోతే ఏమంటరో.”

పిలవకుండా వెళ్లడం ఆమెకు చేతకాదు. ఇన్నేళ్లూ రింగు రాకుండా ఒక్క ఫ్లాటు గుమ్మం ఎక్కింది కాదు ఆ మనిషి. నేను తిట్టాను, ఇవాళ రేపు అంది. దీపావళి దాటాక వాళ్ల తండా ఆవిడ ఒకతె అమీర్‌పేట వచ్చి, తన కూతురు హాస్టల్‌కు వెళ్లి చాలా రోజులైందని చెప్పింది. మర్నాడే దస్లి, హీర్యా, సింధు పెట్టెతో బయల్దేరారు. సింధు మెట్లన్నీ ఎగురుతూ దిగింది. పై మంచం ఇంకెవరైనా పట్టేసి ఉంటారేమోనని దానికి ఒకటే బెంగ.

సాయంత్రానికి ముగ్గురూ తిరిగొచ్చారు. హీర్యా ఆయాసపడుతూ పెట్టె మోసుకొస్తున్నాడు. సింధు నేరుగా గదిలోకి పోయింది. దస్లి మా గుమ్మంలో కూలబడింది.

“పేరు లేదంటున్నరమ్మా. గా సీటు ఇంకో పిల్లకు ఇచ్చిన్రంట. ఏడాదిన్నర నుంచి పత్తా లేరు, చదువు బంద్ చేసిన్రనుకున్నం అంటున్నరు. నేను రోజు హాజరిచ్చిన గద అంటే పిచ్చిదాని లెక్క చూసిన్రు. మేడం సెలవుల ఉన్నదంట. జర మీరు మాట్లాడున్రి.”

మేడం నంబరు సింధు చెప్పింది. నా ఫోన్ నుంచి చేసి, స్పీకరు పెట్టాను. రెండో రింగుకే ఎత్తింది. నేనెవరో చెప్పి, సింధు సీటు సంగతేంటని గట్టిగానే అడిగాను. ఆవిడ గొంతు చప్పబడిపోయింది.

“సింధునా? ఎంత వెతికామో మీకు తెలియదండీ. వాళ్ల నాన్న నంబరు ఎప్పుడూ స్విచాఫ్. తండాకి మనిషిని పంపించాను, ఇల్లు తాళం వేసుంది, పట్నం పోయారన్నారు. పట్నంలో ఎక్కడని వెతకను?”

“వాళ్లమ్మ రోజూ పొద్దున్నే మీకు ఫోన్ చేసిందిగా?” అన్నాను. దస్లి నంబరు చదివి వినిపించాను.

ఆవిడ ఆ నంబరు మళ్లీ చెప్పించుకుంది.

“ఆ నంబరా? రోజూ తొమ్మిదింటికి మిస్డ్ కాల్ ఇచ్చే నంబరా? అయ్యో. నేను తిరిగి చేస్తే కట్ చేసేవాళ్లండీ. ఎవడో పోకిరీ అనుకున్నాను. క్లాసు మధ్యలో అడ్డమొస్తోందని బ్లాక్ చేసేశాను.”

నేను దస్లి వైపు చూశాను. బ్లాక్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. చెప్పక తప్పలేదు. మేడం ఇక ఆ ఫోన్ మోగకుండా చేసింది దస్లీ, నీ రింగులేవీ ఆవిడకు వినపడలేదు అని చెప్పాను. సగం రింగుకే ఆగిపోయింది అందుకే అని కూడా చెప్పాను.

దస్లి ఏడవలేదు. ఒక్క మాట అంది.

“కట్ చేస్తే విన్నట్టే గద అమ్మా. ఈడ అందరు గట్లనే చేస్తరు గద.”

అవతల మంజూష మేడం ఏడుస్తోంది. ఆవిడను ఏమనను? అంతమంది పిల్లలు, ఒక్క ఫోను, తన ఇల్లూ తన పిల్లలూ. దస్లిని ఏమనను? ఎవరినీ ఏమీ అనలేక నేరుగా పైకెళ్లి రాఘవయ్య గారి తలుపు కొట్టి, మీ రింగుల తెలివి ఏం చేసిందో చూడండి అని నోటికొచ్చినట్టు అరిచాను. మర్నాడు స్వయంగా కిందికి దిగొచ్చి దస్లీ, మోటారు వెయ్యమ్మా అని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ రింగు ఇవ్వలేదు. ఏం లాభం?

మేడం ఒక దారి చెప్పింది. మిగిలిపోయిన సీట్లకు ఎండాకాలంలో ఒక పరీక్ష పెడతారు, అది రాస్తే ఏదో ఒక గురుకులంలో తొమ్మిదో తరగతిలో సీటు వస్తుంది. దస్లి ఆ మాట పట్టుకుని బతికింది. దగ్గరి సర్కారు బడిలో అడిగితే, ఏడాది సగం దాటింది, జూన్‌లో తీసుకురమ్మన్నారు. సరే, పరీక్షే గతి. ఈలోగా నజీరుద్దీన్ భాయ్ డిస్‌ప్లే వేసి నా ఫోన్ తెచ్చిచ్చాడు. “పిల్ల చదువుకు కదమ్మా, ఆలస్యం నాదే” అని మజూరీ వద్దన్నాడు. మేడం దాంట్లోకి పాత ప్రశ్నపత్రాలు పంపింది. వాటిని నా షాపులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి ఇచ్చాను. సింధు ఇళ్ల పని ముగించుకుని వాటిని ముందేసుకుని కూర్చునేది. వస్తోందా అంటే తలూపేది. పైకి చదవమంటే గొంతు నొప్పి అనేది. పెద్దపిల్ల అవుతోంది, సిగ్గు కాబోలు అని ఊరుకున్నాను.

పరీక్ష మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక కాలేజీలో. ఆదివారం నేనూ దస్లీ ఆటోలో తీసుకెళ్లాం. దస్లి ఆ రోజు పండక్కి కట్టే చీర కట్టింది. గేటు దగ్గర సింధు నుదుటి మీద చెయ్యి పెట్టి వాళ్ల భాషలో ఏదో గొణిగి లోపలికి పంపింది. ఎండ మాడిపోతోంది. తల్లిదండ్రులంతా ప్రహరీ నీడలో కూర్చున్నారు. దస్లి మాత్రం కూర్చోలేదు, గేటుకు ఎదురుగా నిలబడింది, పిల్ల బయటికి వస్తే వెతుక్కోకూడదని.

పరీక్ష సగం కాకముందే సింధు గేటులోంచి బయటికి వచ్చింది. వెనక నుంచి ఎవరో సారు పిలుస్తున్నాడు, ఇంకా టైముందమ్మా అని.

“ఏమైందే? కళ్లు తిరిగాయా?” అన్నాను.

సింధు నా వైపు చూడలేదు. తల్లితో తెలుగులోనే చెప్పింది, నాకు కూడా వినపడాలనేమో.

“అక్షరాలు వస్తున్నయి యాడీ. కలుస్తలేవు.”

అర్థం కాలేదు నాకు మొదట. తర్వాత అర్థమయ్యి, ఆ గేటు దగ్గరే నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల మా మెట్ల మీద పేపరు మొత్తం చదివిన పిల్ల. ఒక్కొక్క అక్షరం చూస్తే తెలుస్తోందట, వరసగా చూస్తే మాట కావడం లేదట. రెండేళ్లలో చదువు అలా కూడా పోతుందని నాకు తెలియదు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగితే, “మస్తు రోజులాయె. చెప్తె పరీక్షకు తోల్కరారేమోనని” అంది. దస్లి కొంగుతో దాని మొహం తుడిచింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూడా పిల్ల చెయ్యి వదల్లేదు.

ఫలితాలు వచ్చిన రోజు ఫోన్‌లో నేనే చూశాను. నంబరు లేదు. “మళ్ల ఒక్కపారి చూడమ్మా” అంది దస్లి. మళ్లీ చూశాను. సాయంత్రం వచ్చి ఇంకోసారి చూడమంది. అప్పుడూ చూశాను.

జూన్‌లో బళ్లు తెరిచారు. సర్కారు బడికి నేను, దస్లి కలిసి సింధును తీసుకెళ్లాం. వయసును బట్టి తొమ్మిదిలో కూర్చోబెడతామన్నారు. సింధు గేటు ఊచలు పట్టుకుని లోపలికి రానంది. నిలబెట్టి చదవమంటారు, నాకంటే చిన్నోళ్లు నవ్వుతారు అని ఏడ్చింది. నేను అరిచాను, బతిమాలాను. కింది తరగతిలో కూర్చోబెట్టి మొదటి నుంచి నేర్పమని హెడ్మాస్టారుతో కొట్లాడాను. ఆయన కాదనలేదు, కూర్చోమనండి అన్నాడు. కానీ ఊచలు వదిలితే కదా. దస్లి ఆ వేళ్లను ఒక్కొక్కటీ విడదీసి, బడి లోపలికి కాకుండా ఇంటి వైపు నడిపించుకుపోయింది. అంతకంటే ఆ తల్లి ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు.

ఆ నెలాఖరులో మా వెనక సందులో ఒక లేడీస్ హాస్టల్‌కు పాంప్లెట్లు ఇవ్వడానికి వెళ్లాను. కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఉండే హాస్టల్ అది. కరోనా పోయి మళ్లీ కళకళలాడుతోంది. ఓనరు మా గోదావరి వాడే, వీరవెంకటసత్యనారాయణ గారు. ఆ పేరు పట్టడానికి రెండు లైన్ల బోర్డు కావాలని నేను ఆటపట్టిస్తుంటాను. ఆ రోజు ఆయన బల్ల ముందు దస్లి, సింధు నిలబడి ఉన్నారు. వంటింట్లో చపాతీలకు మనిషి కావాలని హీర్యాకు ఎవరో చెప్పారట. నన్ను చూసి దస్లి కొంగు సర్దుకుంది. నేను పాంప్లెట్ల కట్ట బల్ల మీద పెట్టాను.

బయట రోడ్డు మీద బడి ఆటో ఆగి, యూనిఫాం పిల్లల్ని ఎక్కించుకుంటోంది.

“పిల్ల బాగానే ఉందిగానీ, గదుల నంబర్లు, అమ్మాయిల పేర్లు చూసి టిఫిన్లు అందించాలి. ఏంటమ్మాయ్, ఎంతవరకు చదివావు?” అన్నాడు ఆయన.

సింధు నేల చూపులు చూస్తూ నిలబడింది.

“ఎనిమిది చదువుతున్నది సార్” అంది దస్లి. “ఇప్పుడు సెలవులు.”

ఆయన నా వైపు చూశాడు. లోకమంతటితో పోట్లాడే నేను, అవునండీ అన్నాను.